విమానములు, నౌకలు, శస్త్రములు : గ్రామస్థులు గుర్తించు విధము

1942వ సంవత్సరము ఏప్రిల్ 6వ తేదీన జపాను విమానములు విశాఖపట్టణముపైనను, కాకినాడపైనను బాంబులు వేసినవి. ర్యూజో అను చిన్న విమానవాహక నౌకనుండి అవి వచ్చినవి. ఒకే ఇంజను, దేహమునకు అడుగున అమర్చిన రెక్కలు, రెక్కలమీద ఎర్రని సూర్యబింబము – వాని గుర్తులివి. అయితే ఆనాడు తీరగ్రామములందు తల యెత్తి చూచి ఇవి ఎవరివో చెప్పగలవారు బహు అరుదు. బాంబులకంటె వేగముగా పుకార్లు వ్యాపించినవి. ఆ నెలలోనే మద్రాసు నగరమునుండి ప్రజలు పెక్కుమంది ఇల్లు వాకిలి విడిచి లోనాడులకు తరలిపోయిరి.

ఇప్పుడు రాడారులు కలవు, ఉపగ్రహములు కలవు. పల్లెటూరివాని కంటితో పనియేమని కొందరు సభ్యులు అడుగవచ్చును. 1999 మే 3వ తేదీన కార్గిలు ప్రాంతమునందలి గార్కోన్ గ్రామవాసి తాషి నాంగ్యాల్ అను పశువులకాపరి, తప్పిపోయిన తన జడలబర్రెను వెదకుచు దుర్భిణితో కొండవాలును పరికించెను. అచట కొందరు క్రొత్తవారు నేల త్రవ్వుచు కనిపించిరి. ఆయన వెంటనే ఆ సంగతిని సైనికులకు తెలియజేసెను. చొరబాటును గూర్చి సైన్యమునకు అందిన తొలి వార్తలలో నది యొకటి. ఆయన 2024 డిసెంబరులో పరమపదించెను. మన తీరమునందును ఇట్టి ఉదాహరణ కలదు. 1971 డిసెంబరు 3, 4 తేదీల నడిమి రాత్రి పాకిస్థాను జలాంతర్గామి ఘాజీ విశాఖ రేవు వెలుపల మునిగినది. అది మునిగిన కారణమును గూర్చి ఉభయ దేశములవారు నేటికిని వేరువేరుగా చెప్పుదురు. కాని సముద్రముపై తేలుచున్న వస్తువులను కనుగొని నౌకాదళము వారికి అందించినవారు జాలరులే.

ఇక గుర్తించు విధమును చూతము. దూరమున వచ్చు ఎద్దును చూచి ఇది ఫలానావారి ఎద్దు అని రైతు చెప్పగలడు. కొమ్ములు కొలిచి చెప్పడు. నడక, మూపురము, తల నిలుపు తీరు చూచి చెప్పును. విమానములను గుర్తించుటయు నిట్టిదే. శిక్షణ పొందినవారు నాలుగు అంగములను వరుసగా చూతురు: రెక్కలు, ఇంజనులు, దేహము, తోక. రంగును కడపట చూతురు. ఎండలో, మబ్బులో రంగు మారును. వేయదలచినవాడు ఏ రంగైనను వేయగలడు. మన వాయుసేన చిహ్నము వెలుపల కాషాయము, నడుమ తెలుపు, లోపల ఆకుపచ్చగల వలయము. ఎత్తున ఎగురు విమానముమీద అది కానరాదు.

రెక్కలు దేహమునకు పైన అమర్చియున్నవా, అడుగుననా? తిన్నగా చాచియున్నవా, వెనుకకు వాలియున్నవా, త్రికోణాకారముగ నున్నవా? ఈ రెండు ప్రశ్నలతోనే సగము పని తీరును. సరకులను, సైనికులను మోయు ఏ.ఎన్-32 విమానమునకు రెక్కలు దేహము పైభాగమున నుండును. ఆ రెక్కలకును పైన పంకాలుగల ఇంజనులు రెండు. సి-130కి పంకాల ఇంజనులు నాలుగు. సి-17 మహాకాయము, దాని నాలుగు జెట్ ఇంజనులు రెక్కల క్రింద వ్రేలాడును. యుద్ధవిమానములలో సుఖోయ్-30కి ఇంజనులు రెండు, నిలువుతోకలు రెండు. రఫేలునకు త్రికోణపు రెక్కల ముందు రెండు చిన్నరెక్కలు, నిలువుతోక ఒకటే. తేజస్సునకు త్రికోణపు రెక్కలే గాని వెనుక అడ్డతోక లేదు. మిరాజ్-2000 కూడ నిట్లే యుండును గనుక, ఈ రెంటిని తారుమారు చేయుట సులభము. ముక్కుననే గాలి పీల్చు రంధ్రముగల మిగ్-21 పాత పుస్తకములయందు తరచు కనిపించును. అది 2025 సెప్టెంబరు 26న సేవనుండి విరమించినది. హెలికాప్టరులలో చినూకునకు పైన పంకాలు రెండు, ముందొకటి వెనుకొకటి, ఎం.ఐ-17కు పైన ఒకే పంకా, దానికి అయిదు రెక్కలు. దుండిగల్, హకీంపేట పరిసర గ్రామముల పిల్లలకు శిక్షణ విమానములు దినచర్యవంటివి. ఈ విషయమున వారు మనలో అనేకులకు గురువులు కాదగుదురు.

1942లో అమెరికా నౌకాదళము అయిదు లక్షల నమూనా విమానములను చేసియిమ్మని పాఠశాలలను కోరెను. డెబ్బదిరెండింట నొకవంతు పరిమాణమున చెక్కతో చెక్కి, నల్లరంగు పూసిన ఆ బొమ్మలతో సైనికులు, పౌరులు ఆకారములను నేర్చుకొనిరి. మన గ్రామ పాఠశాలలో వడ్రంగి సాయముతో పది బొమ్మలు చేయించుటకు పెద్ద వ్యయము కాదు.

ఇంత నేర్చినవారును పొరపడుదురు. 1943 జులైలో సిసిలీ ద్వీపము వద్ద తమ సైనికులనే మోసికొని వచ్చుచున్న అమెరికా రవాణా విమానములను శత్రువులవని తలచి మిత్రపక్షపు నౌకలు, ఫిరంగులు కాల్చినవి. ఇరువదిమూడు విమానములు నష్టమైనవి. అందువలననే 1944 జూనులో ఫ్రాన్సు తీరముపై దిగుటకు ముందు మిత్రపక్షపు విమానముల రెక్కలకు, దేహములకు నలుపు తెలుపు పట్టెలు వేసిరి. మనకు మరింత దగ్గర సంఘటన యొకటి కలదు. 2019 ఫిబ్రవరి 27న కాశ్మీరులోని బడ్గాం వద్ద మన ఎం.ఐ-17 హెలికాప్టరును మన క్షిపణియే కూల్చినది. ఆరుగురు వాయుసేన సిబ్బంది, నేలమీద నున్న ఒక పౌరుడు మరణించిరి. అది తమ వలన జరిగిన పెద్ద పొరపాటని ఆ యేడు అక్టోబరులో వాయుసేనాధిపతి బహిరంగముగ నంగీకరించెను. కావున గ్రామస్థుడు పేరు చెప్పుటకు తొందరపడరాదు. "శత్రువిమానము చూచితిని" అనుటకంటె "రెండు ఇంజనులు, రెక్కలు పైన, తూర్పునుండి వచ్చినది" అనుట మేలు. మొదటిది తీర్పు, రెండవది సాక్ష్యము. పంచాయతీలో తగవులు తీర్చు పెద్దలకు ఈ భేదము క్రొత్త కాదు.

భూమిపై తిరుగు వాహనములను గూర్చి కొలదిగా చెప్పిన చాలును. ఇనుపపట్టాలపై నడచు ప్రతి బండియు టాంకు కాదు. సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారమునందలి కర్మాగారమున తయారగు సారథ్ వాహనము పట్టాలపైననే నడచును, దానికి చిన్న ఫిరంగి కూడ కలదు. కాని అది సైనికులను మోయు బండి. టాంకులలో పట్టాలోపలి పెద్దచక్రములను లెక్కించుట సులువైన గుర్తు: టి-72, టి-90లకు ప్రక్కకు ఆరు, అర్జునునకు ఏడు.

సముద్రముమీద మోసము మరింత సులభము. 1914 సెప్టెంబరు 22 రాత్రి మద్రాసుపై వందకు మించిన గుండ్లు కురిపించి నూనెతొట్లను తగులబెట్టిన జర్మను నౌక ఎమ్డెన్‌కు పొగగొట్టములు మూడు. కర్రతోను, గుడ్డతోను నాలుగవ గొట్టమును కల్పించుకొని అది ఇంగ్లీషు నౌకవలె కనిపించెడిది. ఆ యేడు అక్టోబరు 28న ఆ వేషముతోనే పెనాంగు రేవులో చొరబడి రష్యా యుద్ధనౌకను ముంచినది. కాపలావారు గొట్టములను లెక్కించిరి గాని నౌక పొడవును, మొనను చూచినవారు కారు. మన యుద్ధనౌకలు బూడిదరంగున నుండి ప్రక్కన అంకె కలిగియుండును. తీరరక్షకదళపు నౌకలు తెల్లనివి. 2008 నవంబరు 26న బొంబాయిపై దాడి చేసినవారు సముద్రమున పట్టుకొన్న మన చేపలపడవ కుబేరుననే వాడుకొనిరి. మన పడవయే గదా అని ఉపేక్షించుట కెంత ముప్పో దీనివలన తెలియగలదు. రేవులో పుట్టి పెరిగినవానికి పడవ పరిచితమైనను, అందలి మనుష్యులు అపరిచితులైనచో అది చెప్పదగిన సంగతి.

ఆకాశమునుండి వచ్చునవన్నియు అపాయకరములు కావు. స్వామిత్వ పథకము క్రింద 2020నుండి గ్రామకంఠముల కొలతకు డ్రోనులు ఎగిరినవి. పురుగుమందు చల్లుటకును వానిని వాడుచున్నారు. రాళ్లు రువ్వుటకు ముందు కార్యదర్శి నడిగి తెలిసికొనుట యుక్తము. వాతావరణ శాఖ బెలూనులు పెట్టెలతో సహా పొలములలో పడుచుండును. 2022 డిసెంబరులో హైదరాబాదునుండి పంపిన పెద్ద బెలూనుకు కట్టిన గూడు వికారాబాదు జిల్లాలో దిగగా జనులు గుంపులుగా చేరిరి. అట్టివి విజ్ఞాన పరికరములు. తెరువక పోలీసులకు తెలుపవలయును.

ప్రాణాపాయము కలది పేలని గుండు. కాల్పుల అభ్యాసభూముల దగ్గర పశువులకాపరులకు, వలలలో జాలరులకు ఇవి దొరకును. తుప్పు పట్టినంత మాత్రమున మందు చావదు. ఏండ్లు గడచినకొలది అది మరింత చంచలమగును. పాత ఇనుము ధరకు ఆశపడి సుత్తితో కొట్టినవారు, నిప్పుల దగ్గర పెట్టినవారు చేతులను, ప్రాణములను పోగొట్టుకొనిరి. గుండును కదల్పరాదు, నీట వేయరాదు, మన్ను కప్పరాదు. దూరమున కొమ్మలు నాటి గుర్తుపెట్టి, పిల్లలను, పశువులను తొలగించి, ఒకరిని కాపు పెట్టి కబురు పంపవలయును. గ్రామములో పాత ఇనుము కొనువానికి ఈ సంగతి ముందుగనే చెప్పియుంచుట సభ్యుల పని.

కబురులో నుండవలసినవి: చూచిన వేళ, చోటు, ఎన్ని, ఏ దిక్కునుండి ఏ దిక్కునకు, ఆకారము, శబ్దము. చూచినవాని పేరును చేర్చవలయును. సైనిక వాహనముల వరుసను చరవాణితో చిత్రించి పదిమందికి పంపుట తగదు; 2025 మే 7న హైదరాబాదు, విశాఖలతో సహా అనేక జిల్లాలలో జరిగిన పౌరరక్షణ అభ్యాసమునాటికి ముందే సైనిక చలనములను ప్రసారము చేయవలదని ప్రభుత్వము హెచ్చరించినది. భూమిమీది సంగతులకు 112, సముద్రపు సంగతులకు తీరరక్షకదళపు 1554 సంఖ్యలను పంచాయతీ కార్యాలయపు గోడపైనను, రేవులో వలలు ఆరబెట్టు పాకపైనను పెద్ద అక్షరములతో వ్రాయింపవలయును.