నోటి దుర్వాసన: పుట్టుక, చికిత్స

శరీరానికి కలిగే బాధలలో చాలావాటిని ముందుగా గుర్తించేది బాధితుడే. తలనొప్పి, జ్వరం, కడుపునొప్పి ఎవరికి వస్తే వారికే తెలుస్తాయి. నోటి దుర్వాసన ఇందుకు భిన్నమైనది. అది ఎదుటివారికి తెలిసినంతగా ఆ నోరు గలవారికి తెలియదు. నిరంతరం ఒకే వాసనకు లోనయ్యే ముక్కు దానిని పట్టించుకోవడం మానివేస్తుంది. తెలిసిన మిత్రులేమో, చెబితే నొచ్చుకుంటాడని మౌనం వహిస్తారు. కొంచెం ఎడంగా జరిగి కూర్చుంటారు. సులభంగా నయం కాగల ఒక జబ్బు ఏళ్ల తరబడి నిలిచిపోవడానికి ఈ మౌనమే చాలావరకు కారణం.

నిద్ర లేవగానే వచ్చే వాసన జబ్బు కాదు. నిద్రలో లాలాజలం ఊరడం బాగా తగ్గడం వల్ల అది పుడుతుంది. పళ్ళు తోముకొని ఏదైనా తినగానే పోతుంది. వెల్లుల్లి సంగతి మరొకటి. అందులోని ఒక గంధక పదార్థం రక్తంలో కలిసి, ఊపిరితిత్తుల ద్వారా బయటపడుతుంది. అందుకే ఎన్నిసార్లు పుక్కిలించినా ఆ వాసన గంటల తరబడి వదలదు. ఇవి వచ్చి పోయేవి. వారాల తరబడి, పగలంతా నిలిచి ఉండే దుర్వాసనకే చికిత్స అవసరం.

దీనికి మూలం కడుపులో ఉందన్న నమ్మకం జనంలో బలంగా నాటుకొని ఉంది. అజీర్తి అనీ, వేడి చేసిందనీ తలచి చూర్ణాలు, మాత్రలు మింగేవారు ఎందరో! నిజానికి అన్నవాహిక మింగేటప్పుడు తప్ప సాధారణంగా మూసుకొనే ఉంటుంది. జీర్ణాశయపు వాసన ఎడతెగకుండా పైకి రావడం అరుదు. బాధితులలో ప్రతి పదిమందిలో ఎనిమిది, తొమ్మిది మందికి మూలం నోటిలోనే ఉంటుందని వైద్యులు గుర్తించారు.

హాలెండు దేశంలోని డెల్ఫ్‌ట్ నగరానికి చెందిన వస్త్రవ్యాపారి లీవెన్‌హుక్ తాను స్వయంగా తయారుచేసుకొన్న సూక్ష్మదర్శినితో పళ్ళ సందులలోని తెల్లని పాచిని పరిశీలించి, అందులో ప్రాణులు చురుకుగా కదలాడుతున్నాయని 1683లో లండన్ రాయల్ సొసైటీకి లేఖ వ్రాశాడు. ఆయన ప్రతిదినం ఉప్పుతో పళ్ళు రుద్దుకొనేవాడు. అయినా ఆ ప్రాణులు ఆయన నోటిలో ఉన్నాయి! నేటి దుర్వాసన కథ వాటితోనే మొదలవుతుంది. గాలి సోకని చోట్ల నివసించే కొన్ని బాక్టీరియాలు ఆహారపు తునకలలోని, రాలిపోయిన కణాలలోని మాంసకృత్తులను విచ్ఛిన్నం చేస్తాయి. సిస్టీన్, మెథియోనిన్ అనే అమైనో ఆమ్లాలలో గంధకం ఉంటుంది. అవి విడిపోయినప్పుడు హైడ్రోజన్ సల్ఫైడ్, మిథైల్ మెర్కాప్టాన్ వాయువులు వెలువడతాయి. మొదటిది కళాశాల ప్రయోగశాలలో కుళ్ళిన కోడిగుడ్డు వాసనగా విద్యార్థులకు పరిచితమైనదే.

ఈ బాక్టీరియాలకు ఇష్టమైన నివాసం నాలుక వెనుక భాగం. అక్కడి గరుకైన ఉపరితలంపై తెల్లని పొర పేరుకొంటుంది. పళ్ళు ఎంత శ్రద్ధగా తోముకొన్నా ఆ పొర అలాగే ఉంటే వాసన తగ్గదు. పూర్వులు ఈ విషయాన్ని అనుభవంతో గ్రహించారు. చరకసంహిత పుల్లతో దంతధావనం చేయడాన్నే కాక, లోహపు బద్దతో నాలుక గీసుకోవడాన్నీ చెప్పింది. తెలుగు పల్లెలలో వేపపుల్లతో పళ్ళు తోముకొని, అదే పుల్లను నిలువునా చీల్చి నాలుక గీసుకొనేవారు. బ్రష్షు వచ్చిన తరువాత చాలా ఇళ్ళలో పుల్లతోపాటు నాలుకను గీసుకొనే అలవాటు కూడా పోయింది. ఇది మంచి మార్పు కాదు.

రెండవ స్థావరం చిగుళ్ళు. పాచి గట్టిపడితే గార అవుతుంది. దాని అంచున చిగురు వాచి, తోమేటప్పుడు రక్తం కారుతుంది. పంటికీ చిగురుకూ మధ్య లోతైన సందు ఏర్పడితే అక్కడికి బ్రష్షు చేరదు. దంతవైద్యుడు గార తీయడమే మార్గం. గార తీయిస్తే పళ్ళు వదులవుతాయన్న భయం అర్థం లేనిది. పళ్ళను వదులు చేసేది ఎముకను కరిగించే చిగుళ్ళ వ్యాధి. గార పోయిన తరువాత అంతకుముందే వదులైన పన్ను బయటపడుతుంది, అంతే. పుచ్చుపళ్ళు, సరిగా శుభ్రం చేయని కట్టుడు పళ్ళు, పొగాకు కూడా దుర్వాసనకు కారణాలే. నీరు త్రాగక, టీలతో రాత్రంతా మేలుకొని చదివే విద్యార్థుల నోరు ఎండిపోయి ఇదే స్థితికి వస్తుంది.

కొద్దిమందిలో మూలం నోటికి వెలుపల ఉంటుంది. ముక్కు ప్రక్కనున్న గదులలో చీము, టాన్సిల్ గుంటలలో గట్టిపడిన మలినం అటువంటివి. మధుమేహం అదుపు తప్పినవారి ఊపిరిలో పండిన పండ్ల వాసన వస్తే ఆలస్యం చేయక ఆసుపత్రికి చేర్చాలి.

వాసన ఉన్నదీ లేనిదీ తెలుసుకోవడానికి చెంచాతో నాలుక వెనుక భాగాన్ని మెల్లగా గీసి, కొద్దిసేపు ఆగి వాసన చూడవచ్చు. ఇంట్లో నమ్మకమైనవారిని అడగడం ఇంకా మేలు. చికిత్సకు ఖరీదైన వస్తువులు అక్కరలేదు. రోజుకు రెండుసార్లు ఫ్లోరైడు పేస్టుతో రెండేసి నిమిషాలు తోముకోవడం, పళ్ళ సందులను దారంతో శుభ్రపరచడం, నాలుకబద్దను వెనుక నుంచి ముందుకు మృదువుగా లాగడం, తరచుగా నీరు త్రాగడం చాలును. కొన్ని వారాలలో మార్పు కనబడకపోతే దంతవైద్యుని చూడాలి. క్లోర్‌హెక్సిడిన్ ద్రావణం పనిచేస్తుంది గాని, ఎక్కువ కాలం వాడితే పళ్ళపై గోధుమరంగు మరకలు పడతాయి. వైద్యుడు చెప్పినన్ని దినాలే వాడాలి. సోంపు, ఏలకులు, సువాసన గోళీలు వాసనను కాసేపు కప్పిపుచ్చుతాయి తప్ప మూలాన్ని తాకవు.

అసలు వాసనే లేకపోయినా ఉందని కుమిలిపోయేవారూ ఉన్నారు. 1879లో శస్త్రచికిత్సల కోసం క్రిమిసంహారిణిగా తయారైన లిస్టరిన్‌ను 1920 తరువాత అమెరికాలో నోటి దుర్వాసనకు మందుగా విపరీతంగా ప్రచారం చేశారు. పెళ్లి కాకపోవడానికీ, స్నేహాలు నిలవకపోవడానికీ ఊపిరే కారణమని ఆ ప్రకటనలు బెదిరించాయి. అటువంటి భయం మనసులో పాతుకొన్నవారు చేయి అడ్డం పెట్టుకొని మాట్లాడతారు. ఎదుటివాడు ముక్కు తుడుచుకొన్నా తమ వల్లనే అనుకొంటారు. దంతవైద్యుడు పరీక్షించి ఏమీ లేదని తేల్చినా ఊరట పొందని అటువంటివారికి నాలుకబద్ద కంటె మానసిక వైద్యుని సలహా ఎక్కువ ఉపకరిస్తుంది.