జీపు కింద తుప్పు

ఒక జీపు బాగుందా లేదా అని అడిగితే మనం పైన చూసి చెప్తాం. బానెట్ మీద రంగు మెరుస్తోందా, అద్దాలు సరిగ్గా ఉన్నాయా, హారన్ గట్టిగా మోగుతోందా, అంతే. కింద పడుకొని చూసేవాళ్ళు చాలా తక్కువ. కానీ బండి బరువునూ, అందులో కూర్చున్న మనుషుల బరువునూ మోసేది ఆ కింద ఉన్నదే. ఈ వ్యాసంలో దాని గురించి తెలుసుకుందాం.

మా మామకు ఒక పాత కమాండర్ జీపు ఉంది. జనవరి నుంచి ఏప్రిల్ దాకా మా తండావాళ్ళను మిరపకోతలకు చేలదాకా తీసుకుపోతుంది. మిగతా రోజుల్లో ఎరువుల బస్తాలు, పత్తి బోరాలు, ఆసుపత్రికి పోయేవాళ్ళు, ఏది దొరికితే అది. ఒక ఏడాది కోతలకు పోతుండగా వాగు దాటేచోట వెనక కుడివైపు కమాన్ కట్టలను పట్టి ఉంచే హేంగర్ ఊడిపోయింది. బండి ఒక పక్కకు ఒరిగిపోయింది. లోపల పదకొండుమంది ఉన్నారు. మెల్లగా పోతోంది కాబట్టి దెబ్బలతో పోయింది. ఒక పెద్దమ్మకు మాత్రం చెయ్యి విరిగింది, ఆ కోతలకాలమంతా ఆమెకు కూలి లేదు. తార్రోడ్డు మీద వేగంగా పోయేటప్పుడు ఊడి ఉంటే ఏమయ్యేదో నేను రాయనక్కరలేదు.

ఆశ్చర్యం ఏమంటే, ఆ హేంగర్‌కు అంతకు మూడు నెలల ముందే, దసరాకు, నల్ల రంగు వేశారు. విరిగినచోట చేత్తో పట్టుకొని చూశాను. పైన రంగు పొర నున్నగా ఉంది. దాని కింద ఇనుము లేదు, ఎర్రటి పెచ్చులు ఉన్నాయి. గోరుతో గీకితే రాలిపోయాయి. అంటే ఆ రంగు తుప్పును ఆపలేదు, మనకు కనపడకుండా చేసింది.

తుప్పు పట్టాలంటే గాలిలోని ఆక్సిజన్, నీరు రెండూ కావాలని మన భౌతికరసాయన శాస్త్రం పాఠంలో చదువుకున్నాం. అల్యూమినియం కూడా ఆక్సిజన్‌తో కలుస్తుంది, కానీ దాని పొర గట్టిగా అతుక్కొని లోపలి లోహాన్ని కాపాడుతుంది. ఇనుము అలా కాదు. దాని తుప్పు గుల్లగా ఉంటుంది, నీటిని పీల్చుకుంటుంది, ఊడిపోతుంది, కింద కొత్త ఇనుము మళ్ళీ తుప్పు పడుతుంది. ఇంకో సంగతి, తుప్పు తాను తిన్న ఇనుము కంటే రెండింతలకు పైగా చోటు తీసుకుంటుంది. రెండు రేకులు అతికించినచోట మధ్యలో తుప్పు పుడితే అది ఉబ్బి రేకుల్ని విడదీస్తుంది, రివెట్లను లాగేస్తుంది.

ఇక మన నేల సంగతి. గుంటూరు, ప్రకాశం మైదానాల్లో నల్లరేగడి ఎక్కువ. వానపడితే బంకలాగా అతుక్కుంటుంది, నీటిని తొందరగా వదలదు. మడ్‌గార్డు లోపల, హేంగర్ల మూలల్లో ఇరుక్కున్న రేగడి ముద్ద పైకి ఎండినట్లు కనిపిస్తుంది, లోపల రోజుల తరబడి తడిగానే ఉంటుంది. దానికి తోడు ఎరువులు. మిరపకు వేసే పొటాష్ అంటే పొటాషియం క్లోరైడ్. ఉప్పు ఎలా ఇనుమును తింటుందో ఇదీ అలాగే తింటుంది. చిరిగిన బస్తా నుంచి రాలిన పొటాష్ ఫ్లోరు రేకు సందుల్లోంచి ఛాసీ మీద పడి, రాత్రి మంచుకు కరిగి, కారి, లోపలి మూలల్లో చేరుతుంది. చినగంజాం ఉప్పు కొఠార్ల దగ్గర తిరిగే బండ్లకైతే చెప్పనే అక్కరలేదు.

ఇది పాత బండ్ల జబ్బే అనుకోవద్దు. అమెరికాలో చలికాలం రోడ్ల మీద మంచు కరగటానికి ఉప్పు చల్లుతారు. టయోటా కంపెనీ టకోమా, టండ్రా, సెకోయా అనే బండ్ల ఛాసీలు తుప్పు పడుతున్నాయని అక్కడ కోర్టులో కేసు నడిచింది. 2016లో కంపెనీ రాజీకి వచ్చి, సుమారు 15 లక్షల బండ్ల కోసం 340 కోట్ల డాలర్ల వరకు ఖర్చు పెట్టటానికి ఒప్పుకుంది. ఫ్యాక్టరీలో రంగు వేసి పంపిన బండ్లే అవి!

జీపు ఛాసీ నిచ్చెన లాగా ఉంటుంది. పొడుగ్గా రెండు కమ్మీలు, వాటి మధ్య అడ్డకమ్మీలు. కొన్నిచోట్ల కమ్మీ ఒకవైపు తెరిచి ఉంటుంది, కొన్నిచోట్ల నాలుగువైపులా మూసిన పెట్టెలాగా ఉంటుంది. ఆ మూసినచోట నీరు పోవటానికి అడుగున చిన్న చిల్లులు ఉంటాయి. రేగడి వాటిని మూసేస్తుంది. అప్పుడు కమ్మీ నీళ్ళ గొట్టం అయిపోతుంది, లోపలినుంచి తుప్పు పడుతుంది, బయటినుంచి ఏమీ తెలియదు. ఒక ఇనుపచువ్వ తీసుకొని ఆ చిల్లులు పొడవటం అన్నిటికంటే చౌకైన పని. దీనికి రంగూ అక్కరలేదు, డబ్బూ అక్కరలేదు.

చూసే పద్ధతి చెప్తాను. చిన్న సుత్తితో వరసగా తట్టుకుంటూ పోవాలి. మంచి ఇనుము ఖంగుమంటుంది. తిన్నచోట డొల్లగా మొద్దు శబ్దం వస్తుంది. అనుమానం ఉన్నచోట స్క్రూడ్రైవర్ మొనతో గట్టిగా పొడవాలి. దిగబడితే ఇక అక్కడ రంగు పని కాదు, వెల్డింగు పని. ఆ వెల్డింగు కూడా చుట్టూ ఉన్న పాడైన ఇనుమంతా కోసేసి, మంచి ఇనుము తగిలేదాకా పోయి వేయాలి. పలచబడిన రేకుకు అతుకు వేస్తే అతుకు నిలుస్తుంది, పక్కన ఊడుతుంది. హేంగర్లు, అడ్డకమ్మీ చివర్లు, బాడీని ఛాసీకి బిగించే బోల్టుల చుట్టూ, డీజిల్ ట్యాంకు పట్టీలు, బ్రేకు గొట్టాలు, ఇవి ముందు చూడాలి. బ్రేకు గొట్టం సన్నని ఉక్కు గొట్టం, దాని మీద తుప్పు గుంటలు కనిపిస్తే మార్చటమే, రంగు వేయకూడదు.

కిందికి దూరే ముందు ఒక మాట. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కింద పడుకోవద్దు. రేగడి నేల మీద జాకీ దిగబడుతుంది. గట్టి నేల మీద పెట్టి, చక్రాలకు రాళ్ళు వేసి, ఛాసీ కింద స్టాండులు పెట్టిన తర్వాతే పని. వెల్డింగు చేసేటప్పుడు బ్యాటరీ తీగలు ఊడదీయాలి.

ఇప్పుడు అసలు పని. మామా నేనూ పోయిన దసరా సెలవుల్లో నాలుగు రోజులు చేశాం. అందులో మూడు రోజులు రంగు డబ్బా మూత కూడా తీయలేదు. మొదటి రోజు నీళ్ళతో కడగటం, మూలల్లో మట్టి పుల్లతో గీకటం. రెండో రోజు ఎండబెట్టటం. మూడో రోజు వైర్ బ్రష్, గరుకు కాగితం. పెచ్చులన్నీ పోయి మెరిసే ఇనుము కనిపించేదాకా రుద్దాలి. చేతులు బొబ్బలెక్కాయి. ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి, ఎందుకంటే పాత ప్రైమర్లలో జింక్ క్రోమేట్ ఉంటుంది, ఆ దుమ్ము విషం. గ్రీజు మరకలకు కిరసనాయిలు వాడితే వాడండి, కానీ చివర్లో టిన్నరు గుడ్డతో తుడవాల్సిందే. కిరసనాయిలు జిడ్డు మీద ప్రైమరు అతుక్కోదు, ఆరు నెలల్లో పొరలుగా లేచిపోతుంది.

రుద్దిన ఇనుమును రాత్రికి అలా వదిలేయకూడదు. తెల్లారేసరికి మంచుకు మళ్ళీ ఎర్రబడుతుంది. మేము ఒక పక్క వదిలేసి తెలుసుకున్నాం, మళ్ళీ రుద్దాల్సి వచ్చింది. ఎంతవరకు రుద్దగలమో అంతవరకే రుద్ది, ఆ రోజే రెడాక్సైడ్ ప్రైమరు వేయాలి. పలచగా రెండు పూతలు, మొదటిది బాగా ఆరిన తర్వాతే రెండోది. తమాషా ఏమంటే, రెడాక్సైడ్‌లోని ఎర్ర పొడి కూడా ఐరన్ ఆక్సైడే. తుప్పుకు తుప్పే మందా అని మామ నవ్వాడు. అది ముందే ఆక్సిజన్‌తో కలిసిపోయిన పొడి, ఇక మారదు, నూనెతో కలిసి ఇనుముకు అతుక్కొని ఉంటుంది. అయితే దానికి సన్నని రంధ్రాలు ఉంటాయి, నీరు దూరుతుంది. డబ్బులు అయిపోయి చాలామంది రెడాక్సైడ్‌తోనే ఆపేస్తారు. దాని మీద ఎనామిల్ రంగు రెండు పూతలు పడితేనే పని పూర్తయినట్లు.

రంగు తగలకూడనివి కూడా ఉన్నాయి. రబ్బరు బుష్‌లు, బ్రేకు హోస్‌లు, గ్రీజు నిపుల్స్, సైలెన్సరు. ఛాసిస్ నంబరు కొట్టినచోట గరుకు కాగితం గట్టిగా వాడొద్దు, మందంగా రంగు పూయొద్దు. ఆర్టీవో ఆఫీసులో ఆ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో అచ్చు తీయమంటారు. నంబరు అరిగిపోతే ఆ తిప్పలు వేరే.

కాలిన ఇంజనాయిలు పూస్తే సరిపోదా అని చాలామంది అడుగుతారు. మా మామ ఇప్పటికీ అదే అంటాడు. పూర్తిగా పనికిరాదని నేననను, నీటిని కొంత ఆపుతుంది. కానీ రబ్బరును ఉబ్బిస్తుంది, దుమ్మంతా పట్టి ముద్ద కడుతుంది, చేలో కారుతుంది. మూసిన కమ్మీ లోపల, బ్రష్ పోనిచోట, కొత్త గ్రీజు కరిగించి పోయటం నయం అని నా అభిప్రాయం.

ఇంకొకటి మన అడవికి సంబంధించింది. బజారులో తుప్పును నల్లగా మార్చే ద్రవం అమ్ముతారు. వాటిలో కొన్నిట్లో టానిక్ ఆమ్లం ఉంటుంది. మనవాళ్ళు ఏరుకొచ్చే కరక్కాయలో ఉండే టానిన్ ఆ జాతిదే. శ్రీకాళహస్తి కలంకారీలో నల్ల రంగు కూడా కరక్కాయ పట్టించిన గుడ్డ మీద ఇనుప తుప్పు, బెల్లం ఊరబెట్టిన నీళ్ళతో గీసేదే. కరక్కాయ కషాయం జీపుకు పూయమని నేను చెప్పటం లేదు, బజారు ద్రవంలో పొరకట్టే పదార్థం వేరే కలుపుతారు. కానీ అందులో జరిగేది ఏమిటో కళ్ళతో చూడొచ్చు.

వార్డెన్ గారి అనుమతితో సైన్సు గది కిటికీలో అయిదు సీసాలు పెట్టాం. మొదటి మూడు పుస్తకంలో ఉన్నవే: ఒకదానిలో మేకు, నీరు, గాలి; రెండోదానిలో కాచిన నీళ్ళ మీద నూనె; మూడోదానిలో పొడిగాలి. నాలుగోదానిలో నీళ్ళలో చిటికెడు పొటాష్ వేశాం. అయిదోదానిలో తుప్పు పట్టిన మేకు, కరక్కాయ నీళ్ళు. అది గంటలోనే సిరాలాగా నల్లబడింది. మిగతావి ఏ రోజు ఎలా ఉన్నాయో పక్కన కాగితం మీద రాయండి, సీసాలు మాత్రం కదిలించొద్దు. మన హాస్టలు ఇనుప మంచాల కాళ్ళు కూడా నేల కడిగే నీళ్ళు తగిలేచోటే ఎర్రబడ్డాయి. ఈ ఆదివారం గరుకు కాగితం పట్టుకొని ఎవరు వస్తారో పేర్లు ఇవ్వండి. రెడాక్సైడ్ డబ్బా వార్డెన్ గారు తెప్పిస్తామన్నారు.