మన ఊరి నక్షా చదవడం నేర్చుకుందాం

గోదావరి ఎక్కడుందో పటంలో వేలు పెట్టి చూపిస్తాం. మన నాయిన చెలక ఊరి నక్షాలో ఎక్కడుందని అడిగితే మాత్రం బిక్కమొహం వేస్తాం. సెలవుల్లో మాలో ఒకరి ఇంట్లో ఇదే జరిగింది. సందూకలో దాచిన పట్టా కాగితంలో సర్వే నంబరు ఉంది, విస్తీర్ణం ఉంది. పక్క పొలం ఆయన ఏటా ఒక సాలు లోపలికి దున్నుకొస్తున్నాడు. అసలు హద్దు ఏదో చెప్పగలిగేవారు లేరు. అందుకే ఈ పాఠం.

నక్షా ఎలా పుట్టింది?

నిజాం రాజ్యంలో మొదటి సాలార్‌జంగ్ దివానుగా ఉన్న కాలంలో, 1870లలో, బొంబాయి పద్ధతిలో భూముల కొలత, శిస్తు నిర్ణయం మొదలయ్యాయి. సర్వే నంబర్లన్నీ రాసిన మొదటి రిజిస్టరు సేత్వార్. ఒక్కో నంబరు కొలతలతో గీసిన బొమ్మ టిప్పన్. అన్ని నంబర్లూ కలిపి గీసిన ఊరి పటం నక్షా. 1949లో జాగీర్లు రద్దయ్యాక, 1954-55లో ఖాస్రా పహాణీ తయారైంది. భూమి ఎవరిది, సాగు ఎవరిది అన్నది అందులో రాశారు. 1984లో పటేల్, పట్వారీ పదవులు రద్దయ్యేదాకా ఈ కాగితాల గుట్టు కొన్ని ఇళ్లకే తెలిసేది.

పాత కాగితాల మీద ఫసలీ సంవత్సరం ఉంటుంది. దానికి 590 కలపాలి. 1358 ఫసలీ అంటే 1948-49 అన్నమాట. మన రఘునాథపల్లి 2016 అక్టోబరు నుంచి జనగామ జిల్లాలో ఉన్నా, పాత కాగితాల మీద వేరే జిల్లా పేరు ఉండవచ్చు. కంగారు పడవద్దు.

ఈ మాటలు గుర్తుపెట్టుకోండి

ఖుష్కి: వానకు పండే మెట్ట భూమి
తరి: నీరు పారే వరి పొలం
బాగాత్: తోట
శిఖం: చెరువు నీళ్లు నిలిచే భూమి
గైరాన్: పశువుల మేత భూమి
గ్రామకంఠం: ఇండ్లున్న జాగ

నక్షాను సేత్వార్‌తో కలిపి చదివితే, ఏ భూమిని దేనికి ఉంచారో తెలుస్తుంది. ఇప్పుడు మాయమైన బండ్ల బాట, కుంట కూడా అందులో దొరకవచ్చు.

చిన్న లెక్క

టిప్పన్‌లో కొలత గొలుసుల్లో ఉంటుంది. ఒక గొలుసు 33 అడుగులు, అంటే 16 ఆణాలు. ఒక గొలుసు పొడవు, ఒక గొలుసు వెడల్పు ఉన్న జాగ ఒక గుంట (121 చదరపు గజాలు). 40 గుంటలు ఒక ఎకరం.

పొలం మధ్యగా ఒక మూల నుంచి ఇంకో మూలకు 16 గొలుసుల గీత ఉందనుకుందాం. ఆ గీత నుంచి ఒకవైపు మూల 5 గొలుసులు, రెండోవైపు మూల 10 గొలుసుల దూరంలో ఉన్నాయి. రెండు త్రిభుజాలు వచ్చాయి. సగం × భూమి × ఎత్తు సూత్రంతో 40 గుంటలు, 80 గుంటలు. మొత్తం 120 గుంటలు, అంటే 3 ఎకరాలు. లెక్కల సారు చెప్పిన సూత్రం పొలం దాకా వచ్చింది చూడండి!

మనకెందుకు?

అన్నదమ్ములు పంచుకున్నాక పహాణీలో 45/అ, 45/ఆ అని రాస్తారు. చాలాచోట్ల నక్షాలో మాత్రం ఒకే 45 ఉంటుంది. తగాదా అక్కడే పుడుతుంది. మనలో చాలామందికి ఉన్నది సర్కారు ఇచ్చిన అసైన్డ్ భూమి. 1977 చట్టం ప్రకారం దాన్ని అమ్మినా, కొన్నా చెల్లదు. కానీ అది ఎక్కడుందో చూపలేకపోతే చట్టం ఉండి ఏం లాభం?

ఈ కష్టం మనదొక్కటే కాదు. జపాన్ 1951లో చట్టం చేసి దేశమంతా హద్దులు కొలవడం మొదలుపెడితే, ఇప్పటికి సగానికి కాస్త పైగానే పూర్తయింది. మన దగ్గర 2020లో ధరణి వచ్చింది. 2025 భూభారతి చట్టం రికార్డుకు సర్వే పటం జతచేయాలంటోంది. ఆ పటం గీసే రోజు మన పొలం దగ్గర మనం ఉండాలి.

ఈ సెలవుల్లో చేయవలసిన పని

పాస్‌బుక్కు చూసి సర్వే నంబరు రాసుకోండి. టిప్పన్, నక్షా నకళ్లకు దరఖాస్తు పెట్టండి. జవాబు రాకుంటే 2005 సమాచార హక్కు చట్టం ఉంది. నాయినతో కలిసి నాలుగు గట్లూ తిరిగి, హద్దురాళ్లు ఎక్కడున్నాయో బొమ్మ గీయండి. సర్వే, రెవెన్యూ శాఖల్లో ఉన్న మన పూర్వ విద్యార్థులు ఒక ఆదివారం హాస్టలుకు వచ్చి గొలుసు పట్టడం నేర్పితే, మేమంతా నోటుపుస్తకాలతో సిద్ధంగా ఉంటాం.