శిక్షకుడు రహీం

గోలు చేసిన ఆటగానిని లోకము కొనియాడును. అతనిని ఆ పనికి సిద్ధపఱచినవాడు మైదానపు అంచున నిలిచియుండును. అతని వంక చూచువారు అరుదు. హైదరాబాదు వాస్తవ్యుడు సయ్యద్ అబ్దుల్ రహీం అట్టి శిక్షకుడు.

రహీం 1909వ సంవత్సరమున జన్మించెను. మొదట ఉపాధ్యాయుడుగా పనిచేసి, పిమ్మట ఫుట్‌బాల్ శిక్షణకే జీవితము నంకితము చేసెను. ఆయన తరిఫీదు పొందిన హైదరాబాదు నగర పోలీసు జట్టు 1950 మొదలు 1954 వఱకు వరుసగా ఐదేండ్లు రోవర్స్ కప్పును గెలిచెను.

ఆటగాండ్రలో పెక్కురు ఒక కాలినే నమ్ముకొని ఆడుచుండిరి. రహీం వారిచే బలహీనమైన కాలితో మాత్రమే పోటీలాడించెను. బంతిని తనవద్ద నిలుపుకొనక వెంటనే తోడివానికి అందించుట నేర్పెను. పేదయింటి బిడ్డయైన తులసీదాస్ బలరాం శిక్షణకు వచ్చుటకై సైకిలు అద్దెను తానే యిచ్చెను. ఆ బలరాం తరువాత దేశము గర్వించు ఆటగాడయ్యెను.

1951లో ఢిల్లీ ఆసియా క్రీడలలో రహీం జట్టు స్వర్ణపతకము గెలిచెను. మఱుసటి యేడు హెల్సింకి ఒలింపిక్ క్రీడలలో, పెక్కురు వట్టికాళ్లతో ఆడి, యుగోస్లేవియా చేతిలో 10–1 గోలులతో ఓడిరి. ఆ పరాభవము పాఠమయ్యెను. బూట్లు తొడిగి ఆడుట నియమమయ్యెను. 1956లో మెల్‌బోర్నున మనజట్టు నాలుగవ స్థానము పొందెను.

1962లో జకార్తా ఆసియా క్రీడలు జరిగెను. వెనుకవరుసలో ఆడు జర్నైల్ సింగు తలకు గాయమై కుట్లు పడెను. రహీం అతనిని ముందువరుసకు మార్చెను. అతడు సెమీఫైనలులోను, ఫైనలులోను గోలు చేసెను. ప్రేక్షకులు ప్రతికూలముగా కేకలు వేయుచుండగా, సెప్టెంబరు 4న భారతదేశము దక్షిణ కొరియాను 2–1తో ఓడించెను.

ఆటగాండ్ర దేహబలమును, గాయములను కనిపెట్టి చూచుటకు నేడు పెద్ద జట్లలో వేఱుగా నిపుణులు కలరు. తలకు దెబ్బ తగిలినవానిని పరీక్షింపక ఆడనీయరాదని వైద్యశాస్త్రము చెప్పుచున్నది. నాడు అట్టి సదుపాయములు తక్కువ. ఎవని శక్తి యెంతయో శిక్షకుడే ఎఱుగవలసియుండెను.

ఇతరుల దేహములను తీర్చిదిద్దిన ఆయన దేహము మాత్రము రోగగ్రస్తమయ్యెను. జకార్తా విజయము తరువాత తొమ్మిది నెలలకు, 1963 జూన్ 11న, ఊపిరితిత్తుల క్యాన్సరుచే రహీం మరణించెను. పిమ్మట భారత పురుషుల జట్టు ఆసియా క్రీడలలో మఱల ఫుట్‌బాల్ స్వర్ణము గెలువలేదు.

బాలలారా! జయధ్వానము విన్నపుడు మైదానపు అంచువైపు కూడ ఒకసారి చూడుడు.