చెమట కనిపించని ఎండ

ప్రశ్న: మేం కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఉంటాం. మా అత్తయ్యగారూ మామయ్యగారూ మాచర్ల నుంచి వచ్చి రెండు నెలలైంది. జూలైలో క్యాంపర్ అద్దెకు తీసుకుని, పిల్లలతో కలిసి డెత్ వ్యాలీ మీదుగా లాస్ వేగస్ వెళ్లాలనుకుంటున్నాం. మామయ్యగారికి 68 ఏళ్లు. బీపీకి టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన మాత్ర, షుగర్‌కు డాపాగ్లిఫ్లోజిన్ వాడుతున్నారు. ‘పల్నాడు ఎండలు చూసినవాణ్ణి, నాకిదో లెక్కా’ అంటున్నారు. ఏం జాగ్రత్తలు తీసుకోవాలి? - ఓ పాఠకురాలు

జవాబు: మీ మామయ్యగారి మాటతోనే మొదలుపెడదాం. రెంటచింతల పక్కన పెరిగిన మనిషికి ఎండ గురించి ఒకరు చెప్పక్కర్లేదు, నిజమే. చిక్కల్లా ఆ అనుభవంతోనే. ఎండ ఎంత తగిలిందో మనం రెండు గుర్తులతో లెక్కేస్తాం. ఒకటి చెమట, రెండోది దాహం. డెత్ వ్యాలీలో ఆ రెండింటినీ నమ్మడానికి లేదు. అక్కడ జూలైలో పగటి ఉష్ణోగ్రత సగటున 47 డిగ్రీల సెల్సియస్, తెల్లవారుజామున కూడా 30 డిగ్రీల పైమాటే. 1913 జూలై 10న ఫర్నెస్ క్రీక్‌లో నమోదైన 56.7 డిగ్రీలు నేటికీ ప్రపంచ రికార్డు. గాలిలో తేమ దాదాపు ఉండదు కాబట్టి చెమట బొట్టు కట్టేలోపే ఆరిపోతుంది. చొక్కా పొడిగానే ఉంటుంది. కణత మీద వేలితో రాస్తే మాత్రం సన్నటి ఇసుకలా ఉప్పు తగులుతుంది. ఆ ఎండలో నడిచే మనిషి గంటకు లీటరు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే చెమట పోగొట్టుకుంటాడు. ఉక్కపోత లేదు కదా, హాయిగానే ఉంది అనుకుంటూ పోగొట్టుకుంటాడు.

ఇక దాహం. వయసు పెరిగేకొద్దీ అది మందగిస్తుంది. ఒంట్లో నీరు తగ్గినా నాలుక పిడచకట్టదు. దానికి మందులు తోడవుతాయి. హైడ్రోక్లోరోథయజైడ్ ఉప్పునూ నీటినీ మూత్రంలోకి పంపేస్తుంది. డాపాగ్లిఫ్లోజిన్ చక్కెరతో పాటు నీటిని లాక్కుపోతుంది. నీరు తగ్గినప్పుడు కిడ్నీలు తమను తాము కాపాడుకునే ఒక దారిని టెల్మిసార్టాన్ మూసేస్తుంది. మూత్రం రంగు చూసుకోమని అందరికీ చెబుతాం. ముదురు పసుపైతే నీళ్లు చాలలేదని అర్థం. కానీ ఈ మాత్రలు వేసుకునేవారిలో ఒళ్లు ఎండిపోతున్నా మూత్రం ధారాళంగా వస్తూనే ఉండొచ్చు. అంటే మామయ్యగారి విషయంలో ఆ గుర్తు మీదా భరోసా పెట్టలేం. ఇంట్లోని బీపీ మిషన్ వెంట తీసుకెళ్లండి. కూర్చున్నప్పటికంటే లేచి నిలబడ్డాక పై అంకె 20 తగ్గినా, కళ్లు తిరిగినా ఆయన ఆరోజు ఎండలోకి దిగకూడదు. అలాగని మందులు మీ అంతట మీరు మానేయకండి. ఏ మాత్ర తగ్గించాలో, ఏది ఆపాలో వాటిని రాసిన డాక్టరునే బయల్దేరేముందు అడగండి.

‘ఆయనకు ఎండ అలవాటే కదా’ అంటారేమో. శరీరం వేడికి అలవాటు పడటానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది, వేడికి దూరమైతే కొన్ని వారాల్లో ఆ అలవాటు పోతుంది. రెండు నెలలు ఫ్రీమాంట్ చల్లగాలిలో గడిపిన మామయ్యగారు ఈ విషయంలో మీ పిల్లలకంటే మెరుగేమీ కాదు. ‘క్యాంపర్‌లో ఏసీ ఉంది’ అనేది రెండో మాట. డెత్ వ్యాలీకి దారితీసే నిటారు చడావుల్లో ఇంజన్ వేడెక్కకుండా ఏసీ కట్టేయమని బోర్డులే ఉంటాయి. బండి ఆగితే పైకప్పు ఏసీకి క్యాంప్‌గ్రౌండ్ కరెంటైనా కావాలి, జనరేటరైనా నడవాలి. జనరేటర్ పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు. తలనొప్పి, వికారం, కళ్లు తిరగడం అన్నీ వడదెబ్బలాగే మొదలవుతాయి. ఒకరికి కాక అందరికీ ఒకేసారి తలనొప్పి వస్తే ఎండను తిట్టుకుంటూ కూర్చోకుండా వెంటనే బయటికి దిగండి.

‘బిందెలకొద్దీ నీళ్లు తాగిస్తాం’ అనేవారూ ఉంటారు. ఉత్త నీళ్లే ఎక్కువగా పోస్తే రక్తంలో సోడియం పడిపోతుంది. ఈ బీపీ మాత్ర వాడేవారికి ఆ ముప్పు మరీ ఎక్కువ. ఎండలో ఉన్నంతసేపు 15-20 నిమిషాలకో చిన్న గ్లాసు, గంటకు లీటరున్నర మించకుండా, గడియారం చూసి ఇవ్వండి. మధ్యలో ఉప్పేసిన పల్చటి మజ్జిగ మంచిది. షుగర్ ఉందని ఓఆర్ఎస్‌కు భయపడనక్కర్లేదు. లీటరులో ఉండే గ్లూకోజు 13.5 గ్రాములే. అయితే అది చెమట పోయినప్పుడు తాగేదే, రోజంతా తాగేది కాదు. మీరు రాయని సంగతి ఒకటుంది. క్యాంపర్‌లో ఆ ఇరుకు టాయిలెట్ వాడటానికి మొహమాటపడి అత్తయ్యగారు నీళ్లే మానేయొచ్చు. ఆమె గ్లాసు మీదా ఓ కన్నేసి ఉంచండి.

నన్నడిగితే డెత్ వ్యాలీని నవంబరు-మార్చి మధ్యకు వాయిదా వేయండి. జూలైలోనే కదలాలంటే 395 హైవే పట్టుకుని, సుమారు 2,400 మీటర్ల ఎత్తున ఉన్న మామత్ లేక్స్ వైపు వెళ్లండి. కాదు, లోయే చూడాలంటారా, ఉదయం 10 దాటాక కింది ప్రాంతాల్లో నడవొద్దని పార్కువాళ్లే చెబుతారు. అక్కడ చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు. మామయ్యగారి మాట తడబడినా, పొంతన లేకుండా మాట్లాడినా 911కు ప్రయత్నిస్తూనే నీడకు చేర్చి, బట్టలు తడిపి గాలి తగిలేలా విసరండి. ఫ్రిజ్‌లో ఐసుంటే చంకల్లో, గజ్జల్లో పెట్టండి. పారాసిటమాల్ పనిచేయదు, స్పృహ సరిగా లేనప్పుడు నోట్లో నీళ్లు పోయకూడదు. ఒళ్లు తడిగానే ఉంది, వడదెబ్బ కాదులే అని ఆగకండి. వడదెబ్బలోనూ చెమట పట్టొచ్చు.