పార్టీ యనగా నేమి? తెలుగుదేశము చరిత్రనుండి యొక పాఠము



గత సంవత్సరము పదవ తరగతిలో పౌరశాస్త్రము బోధించుచు, "పార్టీ యనగా నేమి?" అని ప్రశ్నించితిని. వెనుక బల్లనుండి బాలు డొకడు లేచి, "మా ఊళ్లో రెండున్నాయండీ. ఒకటి మాది, రెండోది వాళ్లది" అని బదులు చెప్పెను. తరగతి యంతయు నవ్వెను. నాకు మాత్రము నవ్వు రాలేదు. మన పల్నాటి గ్రామములలో ఆ మాటకు ఆ బాలుడు చెప్పిన యర్థమే చిరకాలమునుండి నిలిచియున్నది. ఎవరింటికి పెండ్లికి పోవచ్చునో, ఎవరింటికి పోరాదో నిర్ణయించునది పార్టీ యని మనవారి తలంపు. 2024వ సంవత్సరము మే నెల పోలింగు పిమ్మట నరసరావుపేట, మాచర్ల ప్రాంతములలో చెలరేగిన దౌర్జన్యములను, జిల్లాలో విధింపబడిన 144వ సెక్షనును మీరు మరచియుండరు.

కావున పార్టీకిని కక్షకును గల భేద మేమో మీకు తెలుపవలెనని, మన రాష్ట్రమునందే పుట్టిన యొక ప్రాంతీయ పక్షము చరిత్రను సంగ్రహముగా వ్రాయుచున్నాను. ఆ పక్షమును పొగడుటయు, తెగడుటయు నా యుద్దేశము కాదు.

1. దూరపు పెత్తనము

ప్రజలకు తమ వ్యవహారములు ఎక్కడనో, తమ్మెరుగనివారిచేత నిర్ణయింపబడుచున్నవని తోచినపుడు ప్రాంతాభిమానము మేల్కొనును. ఇందుకు నిదర్శనమునకై మనము దూరము పోనక్కరలేదు. అడవిలో పశువులను మేపుకొనుటకు విధించిన పుల్లరిని పల్నాటి రైతులు 1921-22 సంవత్సరములలో నిరాకరించిరి. ఆ పోరాటముననే మించాలపాడువాసి కన్నెగంటి హనుమంతు తుపాకి గుండ్లకు బలియయ్యెను.

చెన్నరాష్ట్రములోని తెలుగువారు తమకు ప్రత్యేక రాష్ట్రము కావలెనను కోరికతో 1913లో బాపట్లయందు ప్రథమ ఆంధ్ర మహాసభ జరిపిరి. ఆ కోరిక నెరవేరుటకు నలువది యేండ్లు పట్టినది. పొట్టి శ్రీరాములుగారు 58 దినములు నిరాహారదీక్ష వహించి 1952 డిసెంబరు 15న ప్రాణములర్పించిరి. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్రరాష్ట్రమును, 1956 నవంబరు 1న హైదరాబాదు రాజధానిగా ఆంధ్రప్రదేశమును ఏర్పడినవి.

రాష్ట్రమైతే వచ్చినది గాని పెత్తనము దగ్గరకు రాలేదని అనేకులకు తోచెను. 1956 మొదలు 1983 వరకు కాంగ్రెసు పక్షమే యిచ్చట పరిపాలించినది. 1978 ఎన్నికల పిదప అయిదేండ్లు నిండకముందే నలుగురు ముఖ్యమంత్రులు మారిరి. ఎవరుండవలెనో, ఎవరు పోవలెనో ఢిల్లీలో నిశ్చయమగుచుండెను.

2. పక్షజననము

ఇట్టి సమయమున, కృష్ణాజిల్లా నిమ్మకూరులో 1923లో జన్మించి, చలనచిత్రములలో రాముడుగా, కృష్ణుడుగా ఇంటింట తెలిసిన నందమూరి తారకరామారావుగారు 1982 మార్చి 29న హైదరాబాదులో తెలుగుదేశము పార్టీని స్థాపించిరి. "తెలుగువారి ఆత్మగౌరవము" అనునది వారి నినాదము. ఒక పాత షెవర్లే వాహనమును మార్పించి, దానికి చైతన్యరథమని పేరిడి, దానిపై నుండి ఊరూర ప్రసంగించిరి. పక్షము పుట్టిన తొమ్మిది మాసములకే, 1983 జనవరి ఎన్నికలలో, 294 శాసనసభాస్థానములలో 200కు పైగా దానికి లభించెను. రాజకీయములకు క్రొత్తవారైన వైద్యులు, వకీళ్లు, ఉపాధ్యాయులు అనేకులు సభ్యులైరి. నరసరావుపేటలో వైద్యవృత్తి నవలంబించిన డాక్టరు కోడెల శివప్రసాదరావుగారు ఆ యెన్నికలోనే గెలిచి, 1999 వరకు వరుసగా అయిదుమారు లచ్చటినుండి యెన్నికైరి. 2014లో విభజనానంతర ఆంధ్రప్రదేశ్ శాసనసభకు ప్రథమ సభాపతియు వారే.

3. పరీక్ష

1984 ఆగస్టు 16న గవర్నరు రామలాల్ గారు రామారావుగారి మంత్రివర్గమును తొలగించి, నాదెండ్ల భాస్కరరావుగారిని ముఖ్యమంత్రిగా నియమించిరి. అప్పటికి రామారావుగారు అమెరికాలో హృదయచికిత్స చేయించుకొని వచ్చి కొలది దినములే యైనది. వారు తమ సభ్యులను ఢిల్లీకి తోడ్కొనిపోయి, రాష్ట్రపతి యెదుట నిలిపి తమ బలమును చూపిరి. రాష్ట్రమంతట ప్రజలు నిరసన తెలిపిరి. నూతన గవర్నరు శంకరదయాళ్ శర్మగారి కాలమున, సెప్టెంబరు 16న, రామారావుగారు మరల ముఖ్యమంత్రి యైరి. ఆ డిసెంబరులో జరిగిన లోకసభ యెన్నికలలో ఈ ప్రాంతీయ పక్షము 30 స్థానములు గెలిచి, ప్రతిపక్షములలో కెల్ల పెద్దదయ్యెను. ప్రజలు ఎన్నుకొనినవారిని ప్రజలే తొలగింపవలెను గాని, దూరముననున్నవారు కాదని యీ సంఘటన నేర్పినది.

4. ఏమి చేసినది?

నినాదము వినుటకు ఇంపుగా నుండును. దాని విలువ యెంతయో కార్యములవలన తెలియును. ఆ ప్రభుత్వము కిలో బియ్యము రెండు రూపాయలకు ఇచ్చినది. తండ్రినుండి కొడుకునకు సంక్రమించుచుండిన మునసబు, కరణము పదవులను 1984లో రద్దుచేసినది. కరణముగారి అరుగుముందు చేతులు కట్టుకొని నిలువవలసిన అవసరము పేదవానికి తప్పినది. 1985లో తాలూకాలకు బదులు 1,100కు పైగా మండలములు ఏర్పడెను. గురజాలవంటి తాలూకా కేంద్రమునకు దినమంతయు ప్రయాణము చేసి కాగితము తెచ్చుకొను పల్లెవానికి, కచేరీ సమీపమునకు వచ్చినది. హిందూ ఉమ్మడి కుటుంబములలో ఆడుబిడ్డలకు అన్నదమ్ములతో సమానభాగము నిచ్చు శాసనము 1986లో చేయబడి, 1985 సెప్టెంబరు 5 నుండియే వర్తించినది. దేశమంతట ఇట్టి శాసనము వచ్చుటకు 2005 వరకు వేచియుండవలసి వచ్చెను.

5. లోపము

ఒక్క వ్యక్తిమీద నిలిచిన పక్షమునకు ఆ వ్యక్తియే బలము, ఆ వ్యక్తియే బలహీనత. 1989లో ఆ పక్షము ఓడిపోయి, 1994లో గొప్ప విజయముతో తిరిగి వచ్చెను. మరుసటి సంవత్సరమే శాసనసభ్యులలో అధికసంఖ్యాకులు రామారావుగారిని విడిచి, వారి యల్లుడు నారా చంద్రబాబునాయుడుగారి పక్షము వహించిరి. 1995 సెప్టెంబరు 1న నాయుడుగారు ముఖ్యమంత్రి యైరి. 1996 జనవరి 18న రామారావుగారు మరణించిరి.

ఇంకొకటి గమనింపుడు. తెలుగుదేశము ఢిల్లీకి వేసిన ప్రశ్ననే తెలంగాణవారు హైదరాబాదు పెత్తనమునకు వేసిరి. తెలంగాణ ప్రజాసమితి 1971 లోకసభ యెన్నికలలో 10 స్థానములు గెలిచియుండెను. తెలుగుదేశమునుండి వెడలివచ్చిన కల్వకుంట్ల చంద్రశేఖరరావుగారు 2001 ఏప్రిలు 27న తెలంగాణ రాష్ట్రసమితిని స్థాపించిరి. 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రమేర్పడెను. అందరి భాషయు తెలుగే. అయినను, తన పాలు తనకు దక్కుట లేదని తలంచువానికి భాషాభిమాన మొక్కటియే తృప్తి నీయజాలదు.

6. మనకు పాఠము

మిగిలిన ఆంధ్రప్రదేశములో 2014లో తెలుగుదేశము గెలిచెను. 2019లో 2011లో పుట్టిన వై.యస్.ఆర్. కాంగ్రెసు 175 స్థానములలో 151 గెలువగా, తెలుగుదేశమునకు 23 మాత్రమే మిగిలెను. 2024లో తెలుగుదేశము 135 స్థానములతో మరల వచ్చెను. 2022 ఏప్రిలు 4న నరసరావుపేట కేంద్రముగా మన పల్నాడు జిల్లా నేర్పరచినది వై.యస్.ఆర్. కాంగ్రెసు ప్రభుత్వము. మండలములను దెచ్చిన దొక పక్షము, జిల్లాను దెచ్చినది వేరొక పక్షము. ఆ కచేరీలలో పని జరుగునది మాత్రము అందరికిని. ఓటువలన పక్షములు వచ్చును, పోవును. అట్లు పోవుటకు సమ్మతించునదియే పార్టీ. ఓటమిని పగగా మార్చుకొని కొడుకులకు వారసత్వముగా నిచ్చునది కక్ష. కరణీకపు వారసత్వమును 1984లో రద్దుచేసికొన్న మనము పగల వారసత్వమును ఏల యింకను మోయవలెను?

పల్నాడనగానే లోకులకు నాగులేటి యొడ్డున కారెంపూడిలో జరిగిన యుద్ధము జ్ఞప్తికి వచ్చును. అన్ని కులములవారిని ఒక్క పంక్తిని కూర్చుండబెట్టిన బ్రహ్మనాయుని చాపకూడును ఈ గడ్డదే. కత్తిని గూర్చి కథలు వినినవారలారా, చాపను గూర్చియు వినుడు. మీకు ఓటుహక్కు వచ్చుటకు రెండు మూడేండ్ల కన్న నెక్కువ కాలము లేదు. మీ యోటు మీ యిష్టము. ఓటు వేసిన మరునాడు ఎదురింటివానితో కలిసి ఒకే బస్సులో బడికి రాగలిగిననాడే మీరు పౌరశాస్త్రములో ఉత్తీర్ణులైనట్లు నేను భావింతును.

ప్రశ్నలు

1. 1913నాటి ఆంధ్ర మహాసభకును, 1982నాటి తెలుగుదేశమునకును గల సామ్యమేమి?
2. మండలవ్యవస్థవలన మీ గ్రామమునకు కలిగిన మార్పులను పెద్దలనడిగి వ్రాయుడు.
3. మీ యూరిలో రెండు పక్షములవారును కలిసి చేసిన మంచిపని యొకటి తెలుపుడు.