ఏడ్రియాటిక్ తీరమున కారు ప్రయాణము

వేకువను ఒక దేశమున బయలుదేరి, సాయంకాలమునకు మూడవ దేశము చేరుట ఏడ్రియాటిక్ సముద్రతీరమున ఒక కుటుంబమునకు సాధ్యము. బాలబాలికలారా! ఐరోపా పటము విప్పి, వ్రేలితో ఈ దారిని అనుసరింపుడు.

క్రొయేషియాలోని స్ప్లిట్ నగరమునుండి దక్షిణముగా పోవు బాటకు ఒకవైపు కడలి, వేరొకవైపు సున్నపురాతి కొండలు. నడుమ నెయుమ్ వద్ద బోస్నియా-హెర్జెగోవినా దేశమునకు సుమారు 20 కిలోమీటర్ల తీరము కలదు. అందుచే క్రొయేషియా నేల రెండు తునకలైనది. 2022లో పెల్యెషాట్స్ వంతెన తెరచువరకు, తీరపు బాటన డుబ్రోవ్నిక్ పోవువారు సరిహద్దును రెండుమార్లు దాటవలసివచ్చెడిది.

లోనికి మరలినచో మోస్తార్ వచ్చును. అచ్చట 1566లో కట్టిన రాతివంతెన 1993లో యుద్ధమున కూలి, 2004లో మరల నిలిచినది. దక్షిణమున మాంటెనీగ్రో, ఆ పేరునకు 'నల్లకొండ' యని అర్థము. కోటోర్ అఖాతము చెంతనే లోవ్‌చెన్ పర్వతము 1,749 మీటర్ల యెత్తు లేచి నిలిచినది.

ఈ మూడు దేశములవారి మాటలు ఒకరివి ఒకరికి తెలియును. అయినను భాషకు పేర్లు వేరు. లిపులు లాటిను, సిరిలిక్కు అని రెండు.

సరిహద్దుగీత మాటను కోయజాలదు. ఆంధ్రప్రదేశ్ నడుమనున్న యానాం పుదుచ్చేరికి చెందినను, అచ్చట వినవచ్చునది తెలుగే. కాని గీతకు ఆవలనున్న పిల్లలు చదువుట, వ్రాయుట మానినచో, మాట మిగిలినను లిపి మిగులదు.

అభ్యాసము: పెల్యెషాట్స్ వంతెన ఏల అవసరమైనదో పటము చూచి, మీ సొంత మాటలలో వ్రాయుడు.